సింగరేణి సీఎండీ గారికి: ఆటల సంఘం గేటు ఊరికి తెరవండి

సింగరేణి కాలరీస్ కంపెనీ చైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,



సీఎండీ గారూ, గోదావరిఖని నుంచి మీ పేషీకి వచ్చే కాగితాల్లో లాభాల వాటా, సొంతింటి పథకం, డిపెండెంట్ ఉద్యోగాలు, మారుపేర్ల కేసులు, ఇవే ఎక్కువ ఉంటాయి. వాటికోసం కొట్లాడేవాళ్లు పిట్ సెక్రటరీ నుంచి సెంట్రల్ కమిటీ దాకా ఉన్నారు. నేను ఆటల గురించి రాస్తున్నాను. తీరుబడి వ్యవహారమని పక్కన పెట్టకండి. మూడు షిఫ్టుల పని నడిచే ఊళ్లో తీరుబడి దొరకడమే గొప్ప. ఆ దొరికిన కాస్త పొద్దును జనం ఎక్కడ, ఎట్లా గడపాలో కంపెనీ ఒకప్పుడు ఆలోచించి ఒక ఏర్పాటు చేసింది. ఆ ఏర్పాటు ఇప్పుడు పాతబడింది. ఉత్తరం బహిరంగంగా ఎందుకంటే ఇది మీకూ నాకూ మధ్య తేలే విషయం కాదు, ఊరందరిదీ.

డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ అంటే బొగ్గు బెల్టులో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. కార్మికుల క్రీడల సంఘం. పొడి అక్షరాలే పేరైపోయాయి, పూర్తి పేరు పలికేవాళ్లు తక్కువ. ఏటా గనుల మీద, డిపార్ట్‌మెంట్లలో పోటీలు మొదలవుతాయి. తర్వాత ఏరియా పోటీలు, ఆపైన కంపెనీ స్థాయి పోటీలు. అక్కడ నెగ్గినవాళ్లు కోల్ ఇండియా పోటీలకు రైలెక్కుతారు. వాలీబాల్, కబడ్డీ, బాల్ బ్యాడ్మింటన్, ఫుట్‌బాల్, హాకీ, క్యారమ్స్, బరువులెత్తడం, కండల పోటీ, పాటలు, నాటికలు కూడా. ఒక చిత్రం గమనించారా? సింగరేణి కోల్ ఇండియాలో భాగం కాదు. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అయినా కోల్ ఇండియా మైదానంలో మన జట్టుకు చోటుంది. ఆట విషయంలో యాజమాన్యం గోడ అడ్డం పెట్టుకోనక్కర్లేదని మీ రంగమే ఎప్పుడో ఒప్పుకుంది. ఈ మాటను గుర్తుంచుకోండి, మళ్లీ దీనికే వస్తాను.

ఈ సంఘం కాగితాల మీద ఎట్లుంటుందో మీకు తెలుసు. కాలనీలో ఎట్లుండేదో చెప్తాను.

మా బాపు కోల్ ఫిల్లర్. బొగ్గు ఎత్తే తట్ట, చెమ్మస్ పట్టిన మనిషి. మొదటి షిఫ్టు దిగి, మూడు దాటినాక ఇంటికొచ్చి, స్నానం చేసి, ఇంత అన్నం తిని, నాలుగున్నరకల్లా క్వార్టర్ల వెనక వాలీబాల్ కోర్టు కాడ ఉండేటోడు. నెట్టు కట్టిన స్తంభాలు బాయి (గని) మీద పనికిరాక పడేసిన ఇనుప పైపులు. నెట్టు పైతాడు హాలేజీ రోపులోంచి లాగిన ఒక తీగ. ఎంత సాగదీసినా వదులయ్యేది కాదు. సున్నం గీతలు వాన పడ్డప్పుడల్లా పోయేవి, మళ్లీ ఎవరో ఒకరు గీసేవారు. బొగ్గుపెళ్ల చీరిన చోట పొడి లోపలే ఉండిపోయి, గాయం మానినాక నీలిరంగు గీతగా మిగిలిపోతుంది కదా, సర్వీసు చెయ్యడానికి బాపు చెయ్యెత్తితే మోచేతి దాకా ఆ నీలి గీతలు కనబడేవి. అవతలి కోర్టులో వాళ్ల ఓవర్‌మన్. బాయిలో 'సార్' అని పిలిచే మనిషి ముఖం మీదికే బంతిని పొడుగ్గా కొట్టడంలో బాపుకు ఏదో సంతోషం ఉండేదని ఇప్పుడనిపిస్తుంది. ఆయన కూడా ఏమీ అనుకునేవాడు కాదు. పాయింటు పోతే పోయింది, రేపు మస్టర్ కాడ మళ్లీ ఆయనే సారు. చుట్టూ పిల్లలం. బంతి మోరీలో పడితే తెచ్చిచ్చే పని మాది.

ఒకే గనిలో ఒకే షిఫ్టు చేసేవాళ్లు ఒకే కాలనీలో ఉండడం, ఆ కాలనీకి ఒక మైదానం ఉండడం, ఆ మైదానాన్ని పట్టించుకునే ఒక సంఘం ఉండడం, ఈ మూడూ కుదిరితేనే ఆ సాయంత్రాలు సాగాయి. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలోనూ, పవర్‌హౌస్ కాలనీలోనూ అంతే. వారపు సెలవు ప్లేడే నాడు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఫైనల్ ఉందంటే గనికీ గనికీ పంతం. ఊరు పుట్టిందే 1960లలో బాయిలు పడ్డాక. తాతల నాటి గుడి, కోట, చెరువుగట్టు లాంటివి మాకు లేవు. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు ఒకళ్లనొకళ్లు 'మావోడు' అనుకోవడం నేర్చింది యూనియన్ జెండా కింద కొంత, మైదానంలో కొంత.

ఇప్పుడు లెక్కలు చూడండి. 1990 ప్రాంతంలో కంపెనీలో లక్షా పదహారు వేల మంది ఉండేవారు. 2024లో లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మినెంట్ కార్మికులు 41 వేల పైచిలుకు. అదే ప్రకటనలో మొదటిసారిగా పాతిక వేల మంది కాంట్రాక్టు కార్మికులకు కూడా ఐదేసి వేలు ఇచ్చారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు వచ్చినచోట ఐదు వేలు ఎంత అన్న చర్చ వేరు. నేను పట్టుకునేది ఆ 'మొదటిసారి'ని. బొగ్గు తీయడంలో వీళ్లకూ భాగముందని కంపెనీ నోటితో ఒప్పుకున్న సందర్భం అది.

ఆటల సంఘం మాత్రం ఇంకా పాత మస్టర్ పుస్తకం పట్టుకునే నడుస్తోంది. అండర్‌గ్రౌండ్ గనులు ఒక్కొక్కటి మూతపడ్డాయి, ఓపెన్‌కాస్ట్ గనులు (ఓసీపీలు) వచ్చాయి, బొగ్గు మీది ఓబీ మట్టి తీసే పని కాంట్రాక్టర్లకు పోయింది. ఆ డంపర్ నడిపే కుర్రాడు ఉండేది కంపెనీ క్వార్టర్లో కాదు, ఏ గాంధీనగర్‌లోనో, అడ్డగుంటపల్లిలో అద్దె గదిలోనో. అతని వయసు పాతికో, ముప్పయ్యో. ఆడే వయసు. కంపెనీ పోటీల్లో పేర్లిచ్చేవాళ్లలో నడివయసు దాటినవాళ్లే ఎక్కువైపోతున్నారు. ఆడగలిగినవాడికి సంఘం లేదు, సంఘం ఉన్నవాడికి మోకాళ్లు లేవు. ఇది వెటకారం అనుకోకండి, మైదానం అంచున నిలబడి చూస్తే ఎవరికైనా కనబడేదే.

బొగ్గు ఊళ్లలో ఆటల సంఘాలు ఎట్లా పుట్టాయో, ఎట్లా పోయాయో చెప్పే కథలు ప్రపంచంలో వేరేచోట కూడా ఉన్నాయి. అవి మనకు పనికొస్తాయి.

అమెరికాలో పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా బొగ్గు ఊళ్లలో ఆట అంటే బేస్‌బాల్. షామోకిన్ అనే బొగ్గు ఊళ్లో స్టాన్ కోవెలెస్కీ అనే పిల్లాడు పన్నెండేళ్లకే పనికి పోయాడు. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా, వారానికి 72 గంటలు, కూలి మూడు డాలర్ల డెబ్బయ్యైదు సెంట్లు. ఆదివారం తప్ప ఎండ మొహం చూడలేదని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. రాత్రి ఇంటికొచ్చి, చెట్టుకు తగరపు డబ్బా వేలాడగట్టి, రాళ్లతో గురిచూసి కొట్టేవాడు. ఆ చెయ్యే 1920 వరల్డ్ సిరీస్‌లో క్లీవ్‌లాండ్ జట్టుకు మూడు మ్యాచులు గెలిచిపెట్టింది. 1969లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది.    

పిట్స్‌టన్ దగ్గర నుంచి వచ్చిన హ్యూగీ జెన్నింగ్స్ కూడా అట్లాంటివాడే, చిన్నప్పుడు బొగ్గులోంచి రాయి ఏరే షెడ్డులో పనిచేసినవాడు. ఆ ఊళ్లలో కంపెనీలు జట్లు పెట్టాయి, బట్టలు కుట్టించాయి, మైదానం చదును చేయించాయి. మంచి పిచర్ కనబడితే చాలు, వెతికి తెచ్చి, భూమి పైన తేలిక పని ఇచ్చి పెట్టుకునేవారు. (ఈ వాక్యం చదివి మన బాయిల మీద కొందరు ముసిముసిగా నవ్వుకుంటారని తెలుసు.) యూనియన్ వైపు చూసే కుర్రాడి చూపును బంతి వైపు తిప్పాలన్న లెక్క కూడా యజమానులకు ఉండేది. అదొక్కటే కారణమని మాత్రం నేను అనను, ఆటగాళ్లు అంత అమాయకులు కారు. కంపెనీ ఇచ్చిన బట్టలేసుకుని ఆడి, సమ్మె రోజు సమ్మె చేసినవాళ్లు బోలెడు. ఇంకో సంగతి, నల్లజాతివాళ్ల జట్లు వేరు, వాళ్ల లీగులు వేరు. బాయిలో పక్కపక్కన బొగ్గు తవ్వినవాళ్లు మైదానంలో వేరువేరు గేట్లలోంచి వచ్చేవారు.

1950లలో యంత్రాలు వచ్చాయి. పదిమంది తవ్వేది ఒక యంత్రం తవ్వింది. జనాన్ని తీసేశారు. టీవీ కూడా వచ్చింది. ఆ దశాబ్దం గడిచేసరికి ఆ బొగ్గు లీగుల్లో చాలావరకు ఆగిపోయాయి. పేర్లన్నీ కంపెనీ రిజిస్టర్‌లోనే ఉన్నాయి, కంపెనీ పక్కకు జరిగితే పట్టుకునేవాడు లేడు.

అదే పెన్సిల్వేనియాలో విలియమ్స్‌పోర్ట్ అనే ఊళ్లో మరో దారి పట్టిన కథ ఉంది. అది బొగ్గు ఊరు కాదు, కలప ఊరు. కార్ల్ స్టోట్జ్ అనే మామూలు ఉద్యోగి తన బంధువుల పిల్లలు ఆడుకోవడానికి ఒక లీగు ఉంటే బాగుండుననుకున్నాడు. పెద్దల మైదానం పిల్లలకు ఎక్కువని, వాళ్లను పరుగెత్తించి చూసి, బేసుల మధ్య దూరం 60 అడుగులకు తగ్గించాడు. ఊళ్లోని కొట్ల వాళ్లనూ ఫ్యాక్టరీల వాళ్లనూ చందా అడుగుతూ తిరిగాడు. చాలామంది కాదన్నారు. చివరకు ఒక పాల డెయిరీ ముప్పై డాలర్లిచ్చింది, ఒక కలప కంపెనీ, ఒక తినుబండారాల కంపెనీ కలిశాయి. మూడు జట్లు. 1939 జూన్ 6న మొదటి ఆట. కలప జట్టు డెయిరీ జట్టును 23–8తో చితక్కొట్టింది. అదే లిటిల్ లీగ్. ఇవ్వాళ ప్రపంచంలో పిల్లల ఆటల సంఘాల్లో అంత పేరున్నవి తక్కువ.

ఆ కథలో మనకు పనికొచ్చేది తర్వాతి భాగం. లీగు పెద్దదయ్యాక ఒక పెద్ద రబ్బరు కంపెనీ డబ్బుతో ముందుకొచ్చింది. పెత్తనం మెల్లగా అటు జరిగింది. 1955లో స్టోట్జ్ తను పెట్టిన సంఘంతోనే తగువు పడి, కోర్టు దాకా పోయి, బయటికొచ్చేశాడు. డబ్బిచ్చేవాడు వేరు, నడిపేవాడు వేరు అన్న గీత ముందే గీసుకోకపోతే ఏమవుతుందో అక్కడ తెలిసింది. నేను మిమ్మల్ని డబ్బు అడుగుతూనే ఈ కథ చెప్తున్నాను, గమనించండి.

ఇక జపాన్. ఒముతా అనే ఊరు, మిత్సుయి వారి మీకే బొగ్గు గని. 1959 చివర 1,278 మందిని తీసేస్తే, 1960లో నెలల తరబడి సమ్మె జరిగింది. యూనియన్ రెండుగా చీలింది. ఒకే వీధిలో పక్కింటివాళ్లు మాట్లాడుకోవడం మానేశారు. ఆ పుండు మానకముందే, 1963 నవంబర్ 9న అదే మీకేలోని మికావా గనిలో పేలుడు, 458 మంది పోయారు. బతికినవాళ్లలో వందల మంది విషవాయువు పీల్చి జీవితాంతం మంచాన పడ్డారు. 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయిన ఊరు మాది. ఆ సైరన్ తర్వాత ఊరు ఎట్లుంటుందో ఒముతా వాళ్లకు మేం చెప్పనక్కర్లేదు, మాకు వాళ్లు చెప్పనక్కర్లేదు.

పేలుడు జరిగి రెండేళ్లు కూడా కాకముందు, 1965 ఆగస్టులో, ఆ ఊరి మీకే టెక్నికల్ హైస్కూలు బేస్‌బాల్ జట్టు కోషియన్‌కు పోయింది. కోషియన్ అంటే జపాన్ హైస్కూళ్ల జాతీయ పోటీ, దేశమంతా పని ఆపి చూసే పోటీ. ఆ వేసవి పోటీలో వాళ్లు కాలు పెట్టడమే మొదటిసారి. ఫైనల్లో చోషీ కమర్షియల్ స్కూలు మీద 2–0తో గెలిచారు. కోచ్ పేరు హారా మిత్సుగు. ఆయన అంతకుముందు ఆడింది ఒముతాలోని ఒక రసాయనాల ఫ్యాక్టరీ జట్టులో. అంటే కంపెనీ జట్టులో ఆడిన మనిషి బడిపిల్లల చేతికి వచ్చాడు. జట్టు ఊరికి తిరిగొచ్చిన రోజు రెండు యూనియన్ల వాళ్లూ ఒకే రోడ్డు పక్కన నిలబడ్డారు. కోచ్ కొడుకు తత్సునోరి తర్వాత జపాన్ జాతీయ జట్టు మేనేజరై 2009లో ప్రపంచ పోటీ గెలిపించాడు. మీకే గని 1997లో మూతపడింది. బడి జట్టు కప్పు మాత్రం ఇప్పటికీ ఒముతా పేరు మీదే ఉంది, మిత్సుయి పేరు మీద లేదు.

"బేస్‌బాల్ కథలు చెప్తున్నావు, మనకూ దానికీ ఏం సంబంధం" అంటారేమో. సంబంధం మన బడుల్లోనే ఉంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ జాబితాలో సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ రెండూ ఉన్నాయి. ఏటా మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ సెలెక్షన్లు జరుగుతాయి. సాఫ్ట్‌బాల్‌లో పిచర్ బంతిని భుజం కింద నుంచి విసరాలి, బేసుల మధ్య 60 అడుగులు. బేస్‌బాల్‌లో మామూలుగా భుజం పైనుంచి, 90 అడుగులు. తెలుగు నేల మీద సాఫ్ట్‌బాల్‌కు నిజామాబాద్ వైపు, అటు అనంతపురం వైపు మంచి పేరుంది. పల్లె ఆడపిల్లలు జాతీయ పోటీలకు పోయి పతకాలు తెస్తున్నారు. 2008లో ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్లు ఇద్దరు, రింకూ సింగ్, దినేశ్ పటేల్, అంతకుముందు బేస్‌బాల్ బంతి ముట్టుకోనివాళ్లు, ఒక టీవీ పోటీలో ముందు నిలిచి అమెరికాలోని పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో ఒప్పందం చేసుకున్నారు. ఆ పిట్స్‌బర్గ్ కూడా బొగ్గూ ఉక్కూ పెంచిన ఊరే.

ఈ మధ్య ఒక సర్కారు బడి మైదానంలో ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడుతుంటే నిలబడి చూశాను. బేసులంటే ఇసుక నింపిన సిమెంటు సంచులు. తొమ్మిది మందికీ గ్లవ్స్ ఉండాలి, ఉన్నవి నాలుగు. ఇన్నింగ్స్ మారినప్పుడల్లా ఫీల్డింగ్‌కు వచ్చే పిల్లలు బ్యాటింగ్‌కు పోయే పిల్లల చేతుల్లోంచి గ్లవ్ లాక్కుని, లోపల చెమటతో తడిసిపోయిందని మొహం చిట్లించి, లంగాకు తుడిచి తొడుక్కుంటున్నారు. ఎడంచేతి వాటం పిల్ల ఒకతె ఉంది. ఆమెకు సరిపడే గ్లవ్ లేదు. తప్పు చేతికి తొడుక్కుని, బంతి పట్టి, గ్లవ్ తీసి, అదే చేత్తో విసురుతోంది. అయినా రెండో బేసు దగ్గర ఒక పిల్లను ఔట్ చేసింది. పీఈటీ సారు విజిల్ వేసి, "చూసిండ్రా, గట్ల" అన్నాడు. ఆ పిల్లను తండ్రి ఏం చేస్తాడని అడిగితే, "ఓబీల డంపర్ నడుపుతడు సార్, కాంట్రాక్టు" అంది.

ఆ బడికి కూతవేటు దూరంలో కంపెనీ మైదానం ఉంది. ఆ మైదానానికి రోలర్ ఉంది, నీళ్లున్నాయి, ఫ్లడ్‌లైటు స్తంభాలున్నాయి. వేసవిలో మీ సంఘం పిల్లలకు శిక్షణ శిబిరాలు పెడుతుంది, అది మంచి పని, కాదనను. కానీ శిబిరం వేసవితో ముగుస్తుంది. ఆట ఏడాదంతా నడవాలంటే ఆ పిల్లకూ ఆమె తండ్రికీ ఆ సంఘంలో పేరుండాలి. పేరంటే రసీదు మీద పేరు, జనరల్ బాడీలో చెయ్యెత్తే హక్కు.

కాబట్టి నా మనవి ఇదీ. డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ నియమావళి మార్చండి. కాంట్రాక్టు కార్మికులను, రిటైరైనవాళ్లను, గనుల చుట్టుపక్కల బస్తీల పిల్లలను సభ్యులుగా తీసుకోండి. కంపెనీ స్థాయి పోటీలకు, కోల్ ఇండియా పోటీలకు ఉద్యోగులే పోవాలన్న రూలుంటే ఉండనివ్వండి. ఏరియా స్థాయి దాకా మైదానం అందరిదీ కానివ్వండి. కోల్ ఇండియా మనల్ని గోడ దాటించి లోపలికి రానిచ్చింది కదా, మనం మన గోడను మన ఊరికి అంతమాత్రం తెరవలేమా?

డబ్బుకు దారి ఉంది. కంపెనీల చట్టం, 2013లో సామాజిక బాధ్యత ఖర్చు ఏఏ పనులకు పెట్టొచ్చో ఏడో షెడ్యూల్ చెబుతుంది. గ్రామీణ క్రీడలకు, జాతీయ గుర్తింపున్న క్రీడలకు, ఒలింపిక్ క్రీడలకు శిక్షణ అందులో ఉంది. 2028లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ తిరిగొస్తున్నాయి, క్రికెట్ కూడా వస్తోంది. అంటే ఆ పిల్లకు ఎడంచేతి గ్లవ్ కొనిపెట్టడం చట్టం ఒప్పుకునే ఖర్చే. మీ సింగరేణి సేవా సమితి సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లకు ఎప్పటినుంచో శిక్షణ ఇస్తోంది, వాళ్లు మస్టర్ ఉన్నవాళ్లేం కాదు. అక్కడ చేసిందే ఇక్కడా చేయమంటున్నాను.

"ఊరి చేతికిస్తే రాజకీయం దూరుతుంది, మైదానంలో ఫ్లెక్సీలు తప్ప ఆట ఉండదు" అని మీ ఆఫీసులో ఎవరైనా అంటే, ఆ మాటలో నిజం లేదనలేను. కానీ రాజకీయానికి భయపడి తలుపేసుకునే ఊరా ఇది? 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు జరుపుకుంటున్న కంపెనీ మీది. 1981లో 56 రోజులు, తెలంగాణ కోసం 2011లో 35 రోజులు సమ్మె చేసి, ఆ తర్వాత మళ్లీ బాయి దిగి ఉత్పత్తి చూపించిన జనం వీళ్లు. ఒక వాలీబాల్ కమిటీని ఎన్నుకోలేరా? పాత ఆటగాళ్లు, పీఈటీలు, ఆడవాళ్లు, కాంట్రాక్టు కార్మికుల నుంచి ఇద్దరు ముగ్గురు, కంపెనీ తరఫున ఒక అధికారి. పద్దు ఏటా చదివి వినిపించాలి. అంతకు మించి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు.

దీన్ని వాయిదా వేయొద్దని ఎందుకంటున్నానంటే, కంపెనీ ఊళ్లకు ఆయుష్షు ఉంటుందని మేం కళ్లారా చూశాం. మన పక్కనే ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ. 1980లో ఎరువు తీయడం మొదలుపెట్టి, 1999లో మూతపడింది. ఆ టౌన్‌షిప్ ఎంత కళగా ఉండేదో, ఆ తర్వాత క్వార్టర్లు ఎట్లా కూలాయో, రోడ్ల మీద తుమ్మలు ఎట్లా మొలిచాయో రామగుండం వాళ్లందరికీ తెలుసు. ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ 2021లో ఉత్పత్తి మొదలయ్యేసరికి ఇరవై ఏళ్లకు పైగా గడిచిపోయింది. ఫ్యాక్టరీకి కొత్త యంత్రాలొచ్చాయి. అక్కడ ఆడి పెరిగిన పిల్లలు మాత్రం దేశం నలుమూలలా ఎప్పుడో చెదిరిపోయారు. వాళ్ల క్లబ్బూ వాళ్ల జట్టూ కంపెనీ గేటు లోపలే పుట్టాయి, గేటు పడగానే ఆగిపోయాయి. ఇవ్వాళ బొగ్గు ఉంది, రేపు ఎంతకాలం ఉంటుందన్నది మీకు నాకంటే బాగా తెలుసు. సోలార్ ప్లాంట్లు పెడుతున్నది మీరే కదా.

ఇంకొక్క మాట, ఖర్చు తక్కువ, తొందర ఎక్కువ ఉన్నది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టడం, 1889లో తవ్వకాలు మొదలవడం, 1945లో నిజాం సర్కారు చేతికి కంపెనీ రావడం, ఇవన్నీ సావనీర్లలో ప్రతి ఏడూ అచ్చవుతున్నాయి. ఆటల చరిత్ర మాత్రం రిటైరైనవాళ్ల ట్రంకుపెట్టెల్లో ఉంది. కప్పు పట్టుకుని దిగిన గ్రూప్ ఫొటోలు, చెదలు పట్టిన సర్టిఫికెట్లు, ఏ ఏడు ఏ గని గెలిచిందో నోటికి చెప్పగల ముసలాళ్లు. క్వార్టర్ ఖాళీ చేసి సొంతూరికి పోయే లారీలో ఆ పెట్టె కూడా పోతుంది. ఒకసారి పోతే మంథని దగ్గరి ఏ పల్లెలో ఉందో ఎవరికీ తెలియదు. ఒక స్పోర్ట్స్ సూపర్‌వైజర్‌కూ, డిగ్రీ కాలేజీ చరిత్ర విద్యార్థులు ఐదారుగురికీ ఈ పని అప్పజెప్పండి. స్కానర్ ఒకటి, రికార్డింగుకు ఫోన్ ఒకటి చాలు. రాసేటప్పుడు గెలిచినవాళ్ల పేర్లే రాయొద్దు. మైదానం చదును చేసినవాళ్లను, సున్నం గీతలు గీసినవాళ్లను, ఆటలో కాలు విరిగి మళ్లీ బాయి దిగలేకపోయినవాళ్లను, ఆడే చోటు అడిగినా దొరకని ఆడవాళ్లను కూడా రాయాలి. కంపెనీ పొగడ్తగా రాస్తే మాత్రం వద్దు. అట్లాంటివి అల్మారాల్లో ఇప్పటికే చాలా ఉన్నాయి.

సీఎండీ గారూ, డిసెంబర్ 23న, కంపెనీ ఆవిర్భావ దినోత్సవం నాడు స్టేడియంలో జెండా ఎగరేసినప్పుడు మీ ప్రసంగంలో ఎట్లాగూ టన్నుల లెక్కలు ఉంటాయి. వాటి పక్కన రెండు వాక్యాలకు చోటివ్వండి: ఆటల సంఘంలో కాంట్రాక్టు కార్మికులకు, బస్తీ పిల్లలకు సభ్యత్వం ఇస్తున్నామని, సంఘం చరిత్ర రాయించే పని మొదలుపెట్టామని. తేదీతో సహా చెప్పండి. సభ్యత్వ రుసుము రసీదు పుస్తకం ఆరోజే టేబుల్ మీద పెట్టించండి. మొదటి రసీదు రాయించుకోవడానికి మేం వస్తాం.

ఇట్లు,
ఓ కోల్ ఫిల్లర్ కొడుకు,
గోదావరిఖని